పంట పట్టికలో టిక్కు గడి కంటికి ఆనాలంటే

పంట లెక్కలు ఫోన్లో గూగుల్ షీట్స్‌లో రాసుకునేవాళ్ళ కోసం ఈ వారం పాఠం.

ప్రతి జ్వరం అయ్యి పురుగులు లేచాక, మేతకు అరగంట ముందు విజేత పొడి చల్లుతాం. ఐదో దశలో నాలుగో రోజు ఇంకోసారి. పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు షెడ్డు చూసే ఇంట్లో "చల్లారా, లేదా?" అన్నది పట్టికే చెప్పాలి. టిక్కు గడి చిన్నగా, బూడిద రంగులో ఉంటే చల్లకుండానే చల్లారనుకుని ఆకు వేసేస్తారు. రోగానికి దారి ఇచ్చినట్టే.

గడి రూపు మార్చడం కష్టం కాదు. కంప్యూటర్‌లో ఒకసారి చేస్తే ఫోన్లోనూ అలాగే కనబడుతుంది. టిక్కులేవీ పెట్టని కొత్త పట్టికలో మొదలుపెట్టండి.

1. గడులు ఎంచుకుని, ఇన్సర్ట్‌లో చెక్‌బాక్స్ నొక్కండి. చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగులు తెచ్చుకునేవాళ్ళకు మూడు గడులు చాలు: మూడో జ్వరం, నాలుగో జ్వరం, ఐదో దశ నాలుగో రోజు.

2. గడి సైజు అక్షరాల సైజును బట్టే ఉంటుంది. ఫాంట్ సైజు 10 నుంచి 18కి పెంచితే గడీ పెరుగుతుంది. అక్షరం రంగు మారిస్తే గడి రంగూ మారుతుంది.

3. డేటా వాలిడేషన్‌లో "యూజ్ కస్టమ్ సెల్ వాల్యూస్" ఎంచుకుని, టిక్ పెడితే "చల్లాం", లేకుంటే "లేదు" అని రాయండి.

4. ఫార్మాట్‌లో కండిషనల్ ఫార్మాటింగ్ తెరిచి, "టెక్స్ట్ ఈజ్ ఎగ్జాక్ట్‌లీ" దగ్గర "చల్లాం" అని రాసి, ముదురు ఆకుపచ్చ నింపండి. అక్షరం రంగు తెలుపు పెట్టండి. ఇక టిక్ పడగానే గడంతా పచ్చబడుతుంది.

టిక్ లేని గడిని లేత పసుపులో ఉంచండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా కొందరి కళ్ళకు తెలీదు. ముదురు, లేత తేడా అయితే మసక వెలుతురులోనూ తెలుస్తుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి: గడి తేదీని తనంతట తాను రాసుకోదు. పక్కనే తేదీకి ఇంకో గడి పెట్టుకోండి. "చల్లేశారంట" అని ఎవరో చెప్తే టిక్ పెట్టొద్దు. పొడి చల్లినవాళ్ళే, చెయ్యి కడుక్కున్నాక టిక్ పెట్టాలి.

వచ్చే పంట పురుగులు షెడ్డుకు రాకముందే సిద్ధం చేస్కోండి. ఒకటి రెండు టిక్కులు పెట్టి, తీసి చూడండి. పచ్చబడకపోతే "చల్లాం" అన్న మాట రెండుచోట్లా ఒకేలా ఉందో లేదో చూస్కోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా రంగు మారదు.