ఆ అన్న పేరు పిల్లల నోట పలకనివ్వండి

మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టారు. సరిహద్దులో పోరాడుతూ ప్రాణం విడిచిన మా ఊరి కుర్రాడి బొమ్మ అది. అంతిమయాత్ర రోజున ఊరంతా కదిలొచ్చింది. పూలు చల్లింది, జోహార్లు పలికింది. రెండు నెలలు గడిచేసరికి ఎండకీ వానకీ రంగు వెలిసి, ఒక మూల తాడు తెగి ఆ ఫ్లెక్సీ వేలాడుతుంటే పక్కింటి ఏడేళ్ళ పాప నన్ను అడిగింది: "అమ్మమ్మా, అన్న బొమ్మ చిరిగిపోయింది కదా, ఇంక అందరూ మర్చిపోతారా?"

ఏళ్ళ తరబడి బడిలో పిల్లల మధ్య గడిపినదాన్ని. అయినా ఆ ప్రశ్నకి వెంటనే బదులు చెప్పలేకపోయాను. ఆ తర్వాత నాలో నేను ఆలోచించుకున్న నాలుగు మాటలు తల్లిదండ్రులతో చెప్పుకోవాలనిపించింది.

ముందుగా, చావుని చావనే చెప్పండి. "నిద్రపోతున్నాడు" అనో, "దేవుడి దగ్గరికి వెళ్ళాడు, వస్తాడులే" అనో అంటే అయిదారేళ్ళ పిల్లలు అదే నిజమనుకుంటారు. కొందరు రాత్రి కళ్ళు మూసుకోవడానికే జంకుతారు. "యుద్ధంలో గాయాలై చనిపోయాడమ్మా, ఇక తిరిగి రాడు, అందుకే వాళ్ళమ్మ అంతలా ఏడుస్తోంది" అంటే చాలు. పోయినవాళ్ళు ఇక రారన్న సంగతి ఆ వయసులో పూర్తిగా మనసుకెక్కదు. అందుకే అడిగిందే అడుగుతారు. విసుక్కోకుండా ప్రతిసారీ అదే జవాబు చెప్పండి. మీ ఇంట్లోనే ఎవరైనా సైన్యంలో ఉంటే "మా నాన్నకీ అలా అవుతుందా?" అన్న ప్రశ్న తప్పదు. "ఏమీ కాదు" అని ఒట్టేయకండి. "నాన్న జాగ్రత్తగా ఉంటాడు, ఆయనకి తోడు చాలామంది ఉన్నారు, నీకు మేమున్నాం" అని దగ్గరికి తీసుకోండి.

టీవీలో జెండా కప్పిన పేటికనీ, దాని మీద పడి ఏడ్చే తల్లినీ రోజంతా తిప్పితిప్పి చూపిస్తారు. చిన్నపిల్లలు ఉన్నప్పుడు అది కట్టేయండి. పెద్దపిల్లలకి మాత్రం దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది. ఆ కోపాన్ని తప్పుపట్టకండి. కానీ ఫోన్లో వచ్చే వీడియోల వెంటపడి అది ఒక మతం మీదికో, మన పక్కింటివాళ్ళ మీదికో మళ్ళకుండా చూడండి. ద్వేషం మనసంతా ఆక్రమిస్తే పోయిన ఆ కుర్రాడికి అందులో చోటుండదు.

మరి ఏం చెప్పాలి? అతని బతుకు చెప్పండి.

మేజర్ పద్మపాణి ఆచార్య సంగతి చూడండి. హైదరాబాద్‌లో స్థిరపడిన ఒడియా కుటుంబం. తండ్రి వాయుసేనలో వింగ్ కమాండర్‌గా పనిచేశారు. 1999 కార్గిల్ యుద్ధంలో పద్మపాణి 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. జూన్ 28న, మందుపాతరల మధ్య, మెషిన్‌గన్‌ల కాల్పుల్లో తన దళాన్ని శత్రు స్థావరం మీదికి నడిపించారు. తూటాలు తగిలి కదల్లేని స్థితిలో, తనను వదిలేసి ముందుకు పొమ్మని జవాన్లను ఆదేశించి, పడి ఉన్నచోటి నుంచే కాల్పులు సాగించారు. స్థావరం దక్కింది, ఆయన దక్కలేదు. మరణానంతరం ప్రభుత్వం మహావీరచక్ర ఇచ్చింది.

ఇదంతా చెబితే పిల్లలు కళ్ళింతలు చేసుకుని వింటారు. అయితే అక్కడితో ఆపకండి. ఆ పోరుకి కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో ఆయన ఒక కోరిక కోరారు. గర్భవతిగా ఉన్న తన భార్యకి రోజుకొక భారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకి మంచి బుద్ధులు అబ్బుతాయని. అభిమన్యుడి కథ తెలిసిన మనకి ఆ కోరిక వెనకున్న నమ్మకాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. కొన్ని నెలలకి ఆడపిల్ల పుట్టింది. తండ్రి ఆ బిడ్డని చూడలేదు. కార్గిల్ కొండల మీద తుపాకీ పట్టిన మనిషి మనసులో ఏముందో పిల్లలకి ఈ ఒక్క సంగతితో తెలుస్తుంది.

ఏడాదికొకసారి తలుచుకోవడం మనకి కొత్తేమీ కాదు. పల్నాడులో కారంపూడి వీరుల గుడి దగ్గర ఏటా కార్తీక అమావాస్యకి మొదలై అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వాళ్ళ కోసం ఊళ్ళ నుంచి ఆయుధాలు మోసుకొస్తారు. చిన్నవయసులో పోయిన బాలచంద్రుణ్ణి అక్కడి పిల్లలు పుస్తకంలో కంటే ముందు ఆ వీరగాథలు పాడే వీరవిద్యావంతుల పాటలోనే ఎరుగుదురు. ఏటా నోటితో పలికారు కాబట్టే ఆ పేర్లు ఇన్ని వందల ఏళ్ళు నిలిచాయి.

మా పక్కింటి పాపని, వాళ్ళమ్మని అడిగి, ఒక సాయంత్రం మా ఊరి కుర్రాడి ఇంటికి తీసుకెళ్ళాను. బెటాలియన్ నుంచి వచ్చిన నల్ల ట్రంకుపెట్టె గోడవారగా ఉంది. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. పాప వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు పైకి చదివింది. నేను కంగారుపడి ఆపబోయాను. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. "చదవనివ్వండమ్మా. నేను బాధపడతానని నా ముందు వాడి పేరెత్తడమే మానేశారు అందరూ" అంది. తర్వాత తనే చెప్పుకొచ్చింది. వాడికి గోంగూర పచ్చడి ప్రాణమట. సెలవు అయిపోయి బయల్దేరినప్పుడల్లా ఒక సీసా పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టుకునేవాడట.

అందుకే చెబుతున్నా, అలాంటి ఇంటికి పిల్లల్ని తీసుకెళ్ళడానికి వెనకాడకండి. "ఊరుకోండి", "ధైర్యంగా ఉండండి" అనే మాటలు వద్దు. పేరు పెట్టి అడగండి, తర్వాత వినండి. అమరుడైన జవాను బిడ్డ మీ పిల్లల తరగతిలో ఉంటే "వీరుడి బిడ్డవి, ఏడవకూడదు" అని ఎవరూ అనకుండా చూడండి. ఆ బిడ్డ పోగొట్టుకున్నది నాన్నని. ఏడవనివ్వాలి, ఆటకి పిలవాలి, తండ్రుల్ని బడికి పిలిచే రోజున పక్కన నిలబడాలి. మొదటి ఏడాది అందరూ వస్తారు. రెండో ఏడాది, అయిదో ఏడాది వెళ్ళేవాళ్ళే కావాలి.

ఆ ఫ్లెక్సీని మొన్న ఎవరో విప్పేశారు. పాప మళ్ళీ బెంగపడలేదు. వాళ్ళింటి క్యాలెండర్లో ఆ అన్న పోయిన తేదీ చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో వంకరటింకరగా సున్నా చుట్టి, కింద అతని పేరు రాసుకుంది. ఆ రోజున మేమిద్దరం గోంగూర పచ్చడి పట్టుకుని ఆ ఇంటికి వెళ్తాం.