కదిలే సీటుకు ఎంత మూట?

యాడికి ఊరి నుంచి



తాడిపత్రి మీదుగా బెలుం గుహలకు, అక్కడి నుంచి గండికోటకు సామాను కట్టుకుని సైకిలు మీద పోవాలనుకుంటున్నానని రాశావు. అందుకు సీటును స్ప్రింగులా ఊగనిచ్చే గొట్టం, అంటే సస్పెన్షన్ సీటుపోస్టు ఒకటి, సీటు వెనక వేలాడే పెద్ద శాడిల్ బ్యాగు ఒకటి కొంటానన్నావు. విడివిడిగా చూస్తే రెండూ మంచి వస్తువులే. రెంటినీ ఒకదానికొకటి కట్టడం దగ్గరే నాకు అభ్యంతరం. సీటుపోస్టు కదిలితేనే పనిచేస్తుంది, బ్యాగు కదలకుండా ఉంటేనే పనిచేస్తుంది. ఈ వైరుధ్యం తీరకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు.

ముందు సీటుపోస్టు సంగతి. మన దారుల్లో పెద్ద గుంతలకంటే సన్నని అదురే మనిషిని ఎక్కువ అలిసిపోజేస్తుంది. సున్నపురాయి, సిమెంటు లారీల బరువుకు తారు పగిలి కంకర పైకి తేలిన చోట్లు, చేల మధ్య ఎర్రగరప బాటలు, అంతటా ఇదే వరస. కూర్చున్న మనిషికి కింది నుంచి సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే ఊపులే అన్నిటికంటే ఎక్కువ బాధిస్తాయని, ఒంటి మీద కంపనాల ప్రభావాన్ని లెక్కగట్టే ఐఎస్ఓ 2631 ప్రమాణం చెబుతుంది. కంకర అదురు చాలాసార్లు అంతకంటే వేగంగా ఉంటుంది. నువ్వు కూర్చోగానే ఒక సెంటీమీటరు దిగే స్ప్రింగుకు సెకనుకు దాదాపు 5 సార్లు ఊగే స్వభావం ఉంటుంది. లెక్క ప్రకారం అది సెకనుకు 7 సార్లు దాటిన అదురును తగ్గిస్తుంది. అంతకంటే నెమ్మదిగా వచ్చే ఊపులను తగ్గించదు సరికదా, కొద్దిగా పెంచనూ వచ్చు. కాబట్టి ఇది కంకరకు మందు, గుంతకు కాదు. గుంత కనబడితే పెడల్స్ మీద లేచి నిలబడవలసిందే. చేతులకు తగిలే అదురును కూడా ఇది తీర్చదు.

ఇప్పుడు బ్యాగును దానికి కట్టి చూడు. శాడిల్ బ్యాగు రెండు చోట్ల పట్టుకుంటుంది. పై పట్టీలు సీటు కింది కమ్మీలకు, ముందు పట్టీ సీటుపోస్టు గొట్టానికి. మామూలు గొట్టమైతే ఈ రెండు చోట్ల మధ్య దూరం మారదు, పట్టీ బిగువు నిలుస్తుంది. సస్పెన్షన్ పోస్టులో కమ్మీలు కదులుతాయి, కింది గొట్టం కదలదు. రెడ్‌షిఫ్ట్ షాక్‌స్టాప్ అనే పోస్టు 35 మిల్లీమీటర్లు కదులుతుంది. కేన్ క్రీక్ థడ్‌బస్టర్‌లో ఒక రకం 50, ఇంకోటి 90. ఈ జాతి పోస్టుల్లో సీటు కిందికి దిగుతూనే వెనక్కి కూడా జరుగుతుంది. అంటే ప్రతి రాయికీ ముందు పట్టీ ఒకసారి లాగుకుంటుంది, ఒకసారి వదులవుతుంది. వదులైన బ్యాగు పక్కలకు ఊగుతుంది. పట్టీకీ గొట్టానికీ మధ్య చేరిన మన రాతిపొడి గరుకు కాగితంలా రెంటినీ అరగదీస్తుంది. గొట్టంలోకి గొట్టం దిగే రకంలో అయితే పట్టీ కట్టేది సరిగ్గా లోపలికి పోవలసిన భాగానికే. పట్టీ అడ్డుపడితే పోస్టు దిగదు, నువ్వు పెట్టిన డబ్బు పట్టీ కింద నలిగిపోయినట్టే.

ఈ చిక్కును మన పాత సైకిళ్లు ఎప్పుడో విప్పాయి. 1949లో మద్రాసులో మొదలైన టి.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులిస్ గానీ, తర్వాత వచ్చిన అట్లాస్, హీరో బండ్లు గానీ చూడు. సీటు వెనక చుట్టల స్ప్రింగులు ఉంటాయి, అవి మనిషి కోసం. మూట పెట్టే క్యారియర్ కాళ్లు వెనక చక్రం ఇరుసు దగ్గర బిగిస్తారు, ముందు కొస చట్రాన్ని పట్టుకుంటుంది. మనిషి ఊగినా మూట ఊగదు, మూట బరువు స్ప్రింగును నొక్కదు. పాల క్యాన్లు రెండు వైపులా వేలాడదీసుకుని గతుకుల మీద పోయే మనిషి సీటు మీద హాయిగా ఊగుతూ పోవడానికి కారణం ఈ విభజనే.

"మూడు కిలోల బ్యాగు ఎంత, నా బరువు ముందు?" అంటావు. స్ప్రింగును నొక్కే లెక్కలో నీ మాట నిజమే. అయితే ఆ బ్యాగు బరువు సీటు బిగింపుకు ఓ జానెడు వెనక వేలాడుతుంది. అది కిందికి నొక్కడమే కాదు, పోస్టు కీళ్లను వెనక్కి మెలిపెడుతుంది. "బ్యాగు కూడా స్ప్రింగు మీదే ఉంటే సామానుకు మంచిదే కదా" అన్నది రెండో వాదన. నీ బరువుకు అమర్చిన స్ప్రింగు నువ్వు లేచి నిలబడగానే పూర్తిగా పైకి తన్నుతుంది. అప్పుడు దాని మీద ఉన్నది బ్యాగొక్కటే, ఆ తన్ను దానికే తగులుతుంది. "క్యారియర్ బరువు, మరలు వదులవుతాయి" అన్నదాన్ని మాత్రం నేను కొట్టివేయను. రోజూ పొద్దున అలెన్ కీతో ఒకసారి బిగించి చూడడం తప్పదు. "లావు టైరు వేసి గాలి తగ్గిస్తే పోస్టే అక్కర్లేదు కదా" అన్న ప్రశ్న అన్నిటికంటే బలమైనది. ముందు అదే చెయ్యి. చిన్న కంకరను టైరు మింగేస్తుంది. గాలి మరీ తగ్గిస్తే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలుగుతుంది కాబట్టి దానికో హద్దుంది. ఆ హద్దు దాటిన అదురుకే పోస్టు.

నా తీర్మానం ఇది. పోస్టు పెట్టుకో, పెద్ద శాడిల్ బ్యాగు వద్దు. బరువైనవి చట్రం మధ్య త్రికోణంలో పెట్టే బ్యాగులోకి పోవాలి. మన పీఠభూమిలో ఊరికీ ఊరికీ మధ్య నీళ్లు దొరుకుతాయన్న నమ్మకం లేదు, నాలుగు లీటర్లు మోస్తే నాలుగు కిలోలు. నీళ్లు ఎప్పుడూ చట్రానికే, సీటుకు కాదు. పక్కబట్టలు, గుడారం క్యారియర్ మీద. సీటు కింద ఏదైనా కట్టాలనిపిస్తే, కమ్మీలను మాత్రమే పట్టుకునే చిన్న సంచి చాలు. అందులో ట్యూబు, అతుకుల సామాను, పలచటి చొక్కా.

పెద్ద బ్యాగే కావాలంటావా, కొలిచి నిర్ణయించు. బ్యాగు నింపి కట్టి, దాని అడుగుకూ టైరుకూ మధ్య ఎడం చూడు. అందులోంచి పోస్టు కదలిక మొత్తం తీసెయ్యి. ఎనిమిది సెంటీమీటర్లు ఉంటే 35 మిల్లీమీటర్ల పోస్టుకు నాలుగున్నర మిగులుతుంది. వాన పడితే నల్లరేగడి టైరుకు అట్టలు కట్టి ఇంకా తినేస్తుంది. 90 మిల్లీమీటర్ల పోస్టుకైతే ఏమీ మిగలదు, బ్యాగు టైరుకు రాసుకుంటుంది. సీటు ఎత్తు కూడా నువ్వు కూర్చుని, పోస్టు దిగిన తర్వాతే కొలవాలి. రబ్బరు దిమ్మలున్న పోస్టయితే బరువుకు తగిన దిమ్మ ఎంచుకో. ఎండకు అవి మెత్తబడతాయి, కాబట్టి వేసవిలో ఇంకోసారి చూసుకో.

కొనకముందు నీ సైకిలు సీటు గొట్టం వ్యాసం, సీటు కమ్మీల నుంచి టైరు దాకా ఉన్న ఎత్తు, చట్రానికి క్యారియర్ బిగించే రంధ్రాలు ఉన్నాయా లేదా, ఈ మూడూ చూసి నాకు రాయి. వాటిని బట్టి ఏ పోస్టు సరిపోతుందో చెబుతాను.

నీ మామయ్య