ట్రాక్టరు ట్రైలరు వెనుక దీపాల వైరింగు: లోపాల గుర్తింపు, మరమ్మతు

ఖరీఫ్ వరి కోతలు, పత్తి తీతలు, చెరకు నరుకుడు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. పగటి వేళ తక్కువ, మంచు ఎక్కువ. కోసిన పంటను మార్కెట్ యార్డుకో, మిల్లుకో, చక్కెర కర్మాగారానికో చేర్చే పని చాలా వరకు చీకటి పడిన తరువాతే జరుగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సాగే ట్రైలరుకు, వెనుక నుండి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే ద్విచక్ర వాహనానికి మధ్య దూరం సెకనుకు 11 మీటర్ల చొప్పున తరుగుతుంది. వెనుక దీపాలు లేని ట్రైలరు 40 మీటర్ల దూరంలో మాత్రమే కంటబడితే వాహనదారునికి మిగిలేది 4 సెకన్ల లోపు వ్యవధి. ట్రైలరు రోడ్డు పక్కన ఆగి ఉంటే రెండున్నర సెకన్లకు మించదు. ఇంతటి ప్రమాదానికి మూలం చాలా సందర్భాలలో తుప్పు పట్టిన ఒక ఎర్త్ బోల్టు మాత్రమే. వ్యవసాయ యాంత్రీకరణ శిక్షణలలో విత్తు గొర్రుకు, స్ప్రేయరుకు దక్కే సమయంలో పదో వంతు కూడా ఈ అంశానికి దక్కడం లేదు.

ట్రాక్టరులో విద్యుత్ వ్యవస్థ సాధారణంగా 12 వోల్టులది. బ్యాటరీ ఋణ ధ్రువం ఛాసిస్‌కు కలిపి ఉంటుంది. ట్రైలరుకు విద్యుత్తు వెనుకనున్న ఏడు పిన్నుల సాకెట్ ద్వారా అందుతుంది. ఐ.ఎస్.ఓ. 1724 ప్రమాణం ప్రకారం 1వ పిన్ను ఎడమ ఇండికేటరుకు (పసుపు వైరు), 2వది వెనుక ఫాగ్ దీపానికి (నీలం), 3వది ఎర్త్‌కు (తెలుపు), 4వది కుడి ఇండికేటరుకు (ఆకుపచ్చ), 5వది కుడి పార్కింగ్ దీపానికి (గోధుమ), 6వది బ్రేకు దీపాలకు (ఎరుపు), 7వది ఎడమ పార్కింగ్ దీపానికి (నలుపు) కేటాయించబడినవి. అయితే గ్రామాలలో ఒకే ట్రైలరు ఒక సీజనులో మూడు నాలుగు ట్రాక్టర్ల వెనుక తిరుగుతుంది. ప్రతి మెకానిక్కూ చేతికందిన రంగు వైరు వేస్తాడు. కావున వైరు రంగును నమ్మరాదు. పిన్ను సంఖ్యను, పరీక్షను మాత్రమే నమ్మాలి.

దోష నిర్ధారణలో మొదటి ప్రశ్న, లోపం ట్రాక్టరులో ఉన్నదా, ట్రైలరులో ఉన్నదా అన్నది. దీనిని తేల్చకుండా వైర్లు విప్పడం వృథా శ్రమ. రెండు వైర్లు బిగించిన 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఇందుకు చాలును. ప్లగ్గును ఊడదీసి, బల్బు ఒక వైరును ట్రాక్టరు ఛాసిస్‌పై గీకి శుభ్రపరచిన చోట బిగించి, రెండవ వైరును సాకెట్‌లోని పిన్నులకు ఒక్కొక్కటిగా తాకించాలి. పార్కింగ్ స్విచ్ వేసినపుడు 5, 7. బ్రేకు తొక్కినపుడు 6. ఇండికేటరు వేసినపుడు 1 లేదా 4 వద్ద బల్బు పూర్తి కాంతితో వెలగాలి. పిమ్మట ఛాసిస్‌కు బిగించిన వైరును తీసి 3వ పిన్నుకు తాకించి ఇదే పరీక్షను తిరిగి చేయాలి. మొదటిసారి వెలిగి రెండవసారి వెలగకపోతే సాకెట్‌కు ఎర్త్ అందడం లేదని అర్థం. ఈ రెండవ పరీక్షను ఎక్కువ మంది వదిలివేస్తారు. లోపం దొరకకపోవడానికి అదే ప్రధాన కారణం.

ట్రైలరును విడిగా పరీక్షించడానికి మరొక 12 వోల్టుల బ్యాటరీ కావాలి. దాని ఋణ ధ్రువాన్ని ప్లగ్గులోని 3వ పిన్నుకు కలిపి, ధన ధ్రువం నుండి 10 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా తెచ్చిన వైరును మిగిలిన పిన్నులకు వరుసగా తాకించాలి. ఆయా దీపాలు సరిగా వెలిగితే ట్రైలరు నిర్దోషి. ఈ పరీక్ష చేసేటపుడు ట్రైలరు ట్రాక్టరు కొక్కెం నుండి వేరుపడి ఉండడం అవసరం. లేనిచో కొక్కెం ద్వారా దొరికే ఎర్త్ ఫలితాన్ని తారుమారు చేయవచ్చు.

మల్టీమీటరు విషయంలో విద్యార్థులు తరచుగా పొరబడే అంశం ఒకటి ఉన్నది. పది పోగులలో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలిన వైరు చివర కూడా, దీపం కలపనంత వరకు, మీటరు 12 వోల్టులే చూపుతుంది. మీటరు గుండా ప్రవహించే విద్యుత్తు అత్యల్పం కావడమే దీనికి కారణం. 21 వాట్ల బల్బు 1.75 ఆంపియర్లను కోరుతుంది. దానిని అందించగలిగితేనే ఆ వైరు పనికివచ్చినట్లు. అందువలన వోల్టేజిని దీపం వెలుగుతుండగానే కొలవాలి.

వెనుక దీపాల లోపాలలో అత్యధికం ఎర్త్‌కు సంబంధించినవే. అనేక ట్రైలర్లలో ప్రత్యేక ఎర్త్ వైరు ఉండదు. విద్యుత్తు కొక్కెం, పిన్ను, డ్రాబార్ మీదుగా ట్రాక్టరుకు తిరిగి చేరుతుందని భావిస్తారు. కొక్కెం వద్ద గ్రీజు, మట్టి, తుప్పు, రంగు పేరుకొని ఉంటాయి. బరువుతో లాగుతున్నపుడు లోహానికి లోహం ఒరుసుకొని దీపాలు వెలుగుతాయి, గుంతలో ఎగిరినపుడు ఆరిపోతాయి. ఎర్త్ పూర్తిగా తెగినపుడు కనబడే లక్షణం మరింత విచిత్రమైనది. బ్రేకు తొక్కితే ట్రైలరు బ్రేకు దీపం మసకగా మిణుకుమంటుంది, దానితోపాటు ట్రాక్టరు పార్కింగ్ దీపాలు కూడా స్వల్పంగా వెలుగుతాయి. జంట ఫిలమెంటు బల్బులో రెండు ఫిలమెంట్లకూ ఎర్త్ ఒక్కటే. ఆ మార్గం మూసుకుపోయినపుడు విద్యుత్తు పార్కింగ్ ఫిలమెంటు గుండా వెనుదిరిగి, 5, 7 పిన్నుల మీదుగా ట్రాక్టరులోని దీపాలను చేరి అక్కడ ఎర్త్‌ను వెదకుకొంటుంది. ఒక స్విచ్ వేస్తే మరొక దీపం వెలుగుతున్నదని రైతు చెప్పినపుడు బల్బులు మార్చడం మాని ముందుగా ఎర్త్‌ను పరీక్షించవలెను.

ఎర్త్ పూర్తిగా తెగకపోయినా నష్టం ఉన్నది. తుప్పు వలన ఎర్త్ బోల్టు వద్ద అర ఓమ్ నిరోధం ఏర్పడినదనుకొందాం. రెండు బ్రేకు బల్బులకు కావలసిన విద్యుత్తు 3.5 ఆంపియర్లు. ఆ బోల్టు వద్దనే దాదాపు 1.5 వోల్టులు వ్యయమై బల్బులకు 10.5 వోల్టులు మాత్రమే అందుతాయి. వోల్టేజి తగ్గుదల ఎనిమిదో వంతే అయినా, ఫిలమెంటు బల్బు కాంతి మూడింట ఒక వంతుకు పైగా పడిపోతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది కనుక డ్రైవరు దానిని లోపంగా ఎంచడు. దీనిని పట్టుకోవడానికి దీపాలన్నీ వేసి, మీటరు ఒక కొసను బల్బు హోల్డరు లోహానికి, రెండవ కొసను బ్యాటరీ ఋణ ధ్రువానికి ఆనించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే ఎర్త్ మార్గాన్ని బాగుచేయాలి.

వైరు మందం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని వైరు 8 మీటర్ల పొడవున 3.5 ఆంపియర్లకు సుమారు ఒక వోల్టును మింగివేస్తుంది, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో ఇది 0.35 వోల్టుకు లోపే. బ్రేకు, పార్కింగ్, ఒక వైపు ఇండికేటరు కలిసి వెలిగితే దాదాపు 6 ఆంపియర్లు తిరిగి వచ్చేది ఒక్క ఎర్త్ వైరులోనే కాబట్టి దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడడం మంచిది. దానిని 3వ పిన్ను నుండి ప్రతి దీపం హోల్డరు వరకు విడిగా లాగాలి.

ఫ్యూజు పదే పదే కాలుతున్నదంటే ధన వైరు ఎక్కడో ఛాసిస్‌ను తాకుతున్నదన్న మాట. ట్రైలరు బల్బులన్నీ తీసివేసి, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బును కలిపి, వైరును అడుగడుగునా కదిలించుకుంటూ పోవాలి. తాకుడు ఉన్నంతసేపు బల్బు ప్రకాశంగా వెలుగుతుంది. ఏ చోట కదిలించినపుడు దాని వెలుగు ఒక్కసారిగా తగ్గుతుందో అక్కడే దోషం. టిప్పింగ్ ట్రైలర్లలో ముందుగా చూడవలసినది వెనుక కీలు. తొట్టె లేచి దిగే ప్రతిసారీ వైరు అక్కడ నలుగుతుంది. తొట్టెను ఎత్తి పరీక్షించేటపుడు కేవలం హైడ్రాలిక్ జాక్‌ను నమ్మి కిందికి దూరరాదు, బలమైన ఊతం పెట్టి తీరాలి. ఫ్యూజు బదులు రాగి పోగు చుట్టే అలవాటు గురించి చెప్పవలసినది ఒక్కటే: వెనుక ఉన్నది వరిగడ్డి, పత్తి.

ఇదే కారణం వలన ఎల్.ఇ.డి. దీపాలు అమర్చినపుడు చేసే ఒక సర్దుబాటును ప్రోత్సహించరాదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషరు తన మీది భారాన్ని బట్టి బల్బు కాలినదో లేదో పసిగడుతుంది. రెండు మూడు వాట్ల ఎల్.ఇ.డి.ని అది కాలిన బల్బుగా భావించి ఇండికేటరును అతివేగంగా కొట్టిస్తుంది. భారం పెంచడానికి కొందరు రెసిస్టరు కలుపుతారు. అది బల్బు వాడుకొనే విద్యుత్తునంతా వేడిగా మార్చి, పక్కనున్న గడ్డిని అంటించగలంత వేడెక్కవచ్చు. ఎల్.ఇ.డి.కి అనువైన ఫ్లాషరును మార్చడమే సరియైన మార్గం.

అతుకుల విషయంలో మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి ఒక వర్షాకాలం కూడా నిలవదు. యూరియా, డి.ఎ.పి. బస్తాల నుండి రాలిన ఎరువు తేమను పీల్చుకొని రాగిని తినివేస్తుంది. తీర ప్రాంతాలలో ఉప్పు గాలి దీనికి తోడవుతుంది. వైరు పై తొడుగు చీల్చినపుడు రాగి పచ్చబడి ఉంటే, మెరిసే రాగి కనబడే వరకు కోసివేసి, క్రింపు కనెక్టరు బిగించి, వేడికి ముడుచుకొనే గొట్టాన్ని దానిపై తొడగాలి. టంకం వేసిన అతుకు గట్టిదే గానీ, టంకం ముగిసిన చోట వైరు బిరుసెక్కి కుదుపులకు తెగుతుంది. దానికి ఇరువైపులా వైరును ఫ్రేముకు కట్టివేయాలి. పిన్నులను గరుకు కాగితంతో శుభ్రపరచి పలుచగా పెట్రోలియం జెల్లీ రాయాలి.

ఇవన్నీ సరిగా ఉన్నా, చెరకు లేదా గడ్డి మోపులు వెనుకకు వేలాడి దీపాలను కప్పివేసినపుడు ప్రయోజనం ఉండదు. ఇటువంటి లోడుకు దీపాలు, ఎర్రని రిఫ్లెక్టర్లు బిగించిన ఒక చెక్క పలకను తగినంత పొడవైన కేబులుతో లోడు చివర వ్రేలాడదీసే ఏర్పాటు చేసుకోవచ్చు. దీపాలు ఆరిపోయినా రిఫ్లెక్టరు పనిచేస్తుంది గనుక రెండూ ఉండవలసినదే. ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కాదు.

కొక్కెం వద్ద కేబులు పూర్తి మలుపులో బిగుసుకోనంత పొడవుగా, నేలను రాసుకోనంత పొట్టిగా ఉండాలి. ట్రైలరును విప్పి నిలిపినపుడు ప్లగ్గును నేల మీద వదలక, డ్రాబార్‌కు వెల్డు చేసిన ఒక కొక్కీకి నోరు కిందికి ఉండేలా తగిలించాలి. గోదాము పక్కన నెలల తరబడి నిలిపి ఉంచిన ట్రైలరులో ఎలుకలు వైర్లు కొరికివేయడం మామూలే. కోతలకు రెండు వారాల ముందుగానే ఒకరు సీటు మీద, ఒకరు వెనుక నిలబడి అన్ని దీపాలను ఒక్కొక్కటిగా, పిదప అన్నింటినీ ఒకేసారి వేసి చూసుకోవడం మంచిది.