జంపఖానా మీద మరకలు – తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కొన్ని సంగతులు



హాస్టల్ పిల్లవాడికి మంచం, కుర్చీ, బల్ల అన్నీ జంపఖానాయే. రాత్రి దాని మీద పడుకుంటాం, పగలు దాని మీదే కూర్చుని చదువుతాం, వానకు వరండా తడిస్తే కంచం కూడా దాని మీదే పెట్టుకుంటాం. ఇక మరకలు పడకుండా ఎలా ఉంటాయి? మేము హైస్కూలు నుండి డిగ్రీ దాకా హాస్టళ్ళలోనే ఉండి, ఇప్పుడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాము. ఇంట్లో డిగ్రీ చదివినది మేమే మొదలు. క్లాసులో విన్నది సెలవుల్లో అమ్మకు చెప్పి, ఆమె ఏమంటుందో వినడం మాకు అలవాటు. ఈ వ్యాసంలో సగం క్లాసుది, సగం అమ్మది.

ముందు గుడ్డ సంగతి. వరంగల్ కొత్తవాడలో మగ్గాల మీద నేసేవి నూలు జంపఖానాలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఏలూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఉన్ని తివాచీలు. నూలు సబ్బును, సోడాను ఓర్చుకుంటుంది. ఉన్ని ఓర్చుకోదు, దానికి కుంకుడు రసమే మేలు. ఏదైనా సరే, రంగు దిగుతుందేమో ముందుగా ఒక మూల తడిపి చూడాలి. ఏది ఒలికినా రుద్దకూడదు. పొడి పాతగుడ్డతో అంచు నుండి మధ్యకు అద్దాలి. రుద్దితే మరక పోగుల్లోకి దిగిపోతుంది.

మన మరకల్లో మొదటి స్థానం సాంబారుదే. సబ్బు పెట్టగానే మరక ఎర్రబడుతుంది, చాలామంది కంగారుపడతారు. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. హైస్కూలు సైన్సులో పసుపు కాగితంతో చేసిన ప్రయోగం ఇదే కదా! నీళ్ళతో బాగా జాడిస్తే మళ్ళీ పసుపు రంగుకు వస్తుంది. మిగిలినదాన్ని ఎండకు వదిలేయండి. వెలుతురుకు కర్‌క్యుమిన్ విరిగిపోతుంది. "ఎండే పెద్ద చాకలి" అని అమ్మ ఊరికే అనలేదు.

బాల్‌పెన్ ఇంకుకు దూదితో స్పిరిట్ అద్దాలి. తలనూనెకు పౌడరు చల్లి, అది పీల్చుకున్నాక దులిపి, సబ్బు పెట్టాలి.

నెత్తుటి మరకకు వేడినీళ్ళు పనికిరావు. ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్లే నెత్తుటిలోని ప్రోటీన్లు గట్టిపడి పోగులను పట్టుకుంటాయి. చల్లని ఉప్పునీళ్ళలో నానబెట్టి, తర్వాతే సబ్బు పెట్టాలి. చెల్లెళ్ళకు నెలనెలా ఉండే సంగతి ఇది, ఇందులో దాచుకోవలసినది ఏమీ లేదు.

ఇక ఎవరూ పైకి చెప్పని మరక. చిన్న తరగతుల తమ్ముళ్ళు కొందరు నిద్రలో పక్క తడుపుతారు. అది బద్ధకం కాదు, పొగరు కాదు. ఇల్లు విడిచి వచ్చిన పిల్లల్లో మానేసిన అలవాటు తిరిగి రావచ్చు. ఉన్నట్టుండి మొదలైనా, మంటగా ఉందన్నా, దాహం ఎక్కువైనా వార్డెన్ గారికి చెప్పి డాక్టరుకు చూపించాలి. దానికి పేరు పెట్టి పిలిస్తే ఆ పిల్లవాడు సంక్రాంతి సెలవులకు వెళ్ళి తిరిగి రాడు. అలా చదువు మానినవాళ్ళను మేము ఎరుగుదుము.

ఆ జంపఖానా మీద మరుగుదొడ్ల కోసం ఉంచిన బ్లీచింగ్ పౌడరు మాత్రం చల్లవద్దు. మూత్రంలో పుట్టే అమ్మోనియాతో అది కలిస్తే క్లోరమైన్లనే విషవాయువులు వస్తాయి, కళ్ళు మండి దగ్గు పట్టుకుంటుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిస్తే ఏకంగా క్లోరిన్ వాయువే. తడి అద్ది, చల్లని నీళ్ళు పోసి, బకెట్ నీళ్ళలో రెండు నిమ్మకాయలు పిండి జాడిస్తే వాసన తగ్గుతుంది. తర్వాత సబ్బు, ఆపైన రెండు వైపులా ఎండ.

ఈ పని సీనియర్లు ఇద్దరు తెల్లవారకముందే చేయగలరు. మా హాస్టల్‌లో అలాంటి రోజున మా జంపఖానాలు కూడా నాలుగైదు తడిపి అదే దండెం మీద వేసేవాళ్ళం. ప్రేయర్ బెల్లు కొట్టేసరికి తడిసినది ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు.