భర్త మరణానంతరము భార్యకు రావలసిన పింఛను

మిల్లులకు, కర్మాగారములకు పనికి పోయినవారు మరణించినపుడు వారి భార్యలకు పింఛను హక్కు గలదని గ్రామములలో పెక్కుమందికి తెలియదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము ప్రకారము, ఉద్యోగములో నుండగా మరణించిన సభ్యుని పేర ఒక్క నెల చందా జమపడియున్నను భార్యకు పింఛను లభించును. 2014 సెప్టెంబరు నుండి అది నెలకు 1,000 రూపాయలకు తగ్గరాదు. 25 ఏండ్లలోపు బిడ్డలలో ఒకేసారి ఇద్దరికి వేరుగా ఇచ్చెదరు. భార్యను కోల్పోయిన భర్తకును ఇదే హక్కు గలదు.

చిక్కంతయు ఖాతా జాడ తీయుటలోనే యున్నది. జీతపు చీటీలు, బ్యాంకు పుస్తకము, 12 అంకెల యు.ఎ.ఎన్. సంఖ్య గల కాగితములు వెదకవలెను. మరణించినవారి ఫోనులోని సిమ్మును పారవేయరాదు. భవిష్యనిధి సందేశములు దానికే వచ్చియుండవచ్చును. ఏమియు దొరకనిచో తోడి పనివారిని విచారింపవలెను. వారి చీటీలపై సంస్థ కోడు సాధారణముగా ఉండును.

మొదటి మెట్టు మన పంచాయతీలోనే గలదు. మరణమును 21 దినములలో నమోదు చేయించినచో ధ్రువపత్రము ఉచితముగా వచ్చును. అందులోని పేరు ఆధార్ కార్డులోని పేరుతో సరిపోవునట్లు సభ్యులు చూడవలెను. ఒక్క అక్షరపు తేడాకు దరఖాస్తులు తిరిగివచ్చుట మేమెరుగని సంగతి కాదు. పిమ్మట 10-డి ఫారమును యజమాని ద్వారా భవిష్యనిధి కార్యాలయమునకు పంపవలెను. కర్మాగారము మూతపడియున్నచో గెజిటెడ్ అధికారి వంటివారి ధ్రువీకరణతో పంపవచ్చును.