బొమ్మలలోని లెక్క

పాలకేంద్రమున ఏ దినము ఎన్ని పాలు చేరినవో క్యానుల బొమ్మలతో చూపిన పటచిత్రము బడిగోడపై నున్నదనుకొందము. సోమవారమున కెదురుగా నాలుగు నిండు బొమ్మలు, ఒక సగము బొమ్మ కలవు. ఎన్ని లీటర్లని అడిగినచో మూడవ తరగతి బాలుడు తడుముకొనక “ఐదు” అనును. అతడు బొమ్మల నెంచినాడే కాని పటమును చదువలేదు.

పటము క్రింద “ఒక బొమ్మ = 10 లీటర్లు” అని సూచిక యున్నది. కన్ను మొదట అచ్చటికే పోవలెను. నాలుగు పదులు నలువది, సగమునకు ఐదు, వెరసి 45 లీటర్లు. సూచికలో 20 అని యున్నచో అవే బొమ్మలు 90 లీటర్లగును!

ఎక్కువ పాలను చూపుటకు బొమ్మల సంఖ్యను పెంచవలెను గాని బొమ్మను పెద్దది చేయరాదు. ఎత్తును వెడల్పును రెండింతలైన బొమ్మ కాగితముపై నాలుగింతల చోటాక్రమించి కంటిని మోసగించును. సామాన్య పౌరులకు సాంఘికార్థిక విషయములు తెలుపుటకై 1925లో వియన్నా నగరమున ప్రదర్శనశాలను నెలకొల్పిన ఒట్టో నాయరాత్ ఈ నియమమునే పాటించెను. మా ప్రచారపటములలోను ఈ దోషము అప్పుడప్పుడు దొర్లుచుండును, ఒప్పుకొనక తప్పదు.

పిల్లలచే చింతగింజలతో పటము పేర్పించి చూడుడు. తరగతిలో 23 మంది యున్నారు. గింజ కైదుగురు చొప్పున నాలుగు గింజలు పెట్టిన పిదప మిగిలిన ముగ్గురి కెంత ముక్క పెట్టవలెనని తగవు పుట్టును. ఉపాధ్యాయుడు తొందరపడి తీర్పు చెప్పరాదు. కొంతసేపటికి ఎవరో ఒకరు గింజ కిద్దరని సూచిక మార్చి, పదునొకండు గింజల ప్రక్కన ఒక చింతబద్ద నుంచుదురు.