‘గౌరవనీయ డాక్టర్ గారికి’ అంటూ వచ్చే మెయిళ్లు

మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. శిష్యులు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. ఒకప్పుడు చిక్కుముడి కేసుల గురించి అడిగేవాళ్లు. ఇప్పుడు “సార్, నాకొక మెయిల్ వచ్చింది, నిజమేనంటారా?” అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు చెబుతూ వచ్చిన మాటలే ఇవి.

1. మోసగాడు ముందు మన అవసరాన్ని కనిపెడతాడు.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ప్రమోషన్ కావాలంటే పేపర్లు అచ్చు కావాలి. ప్రాక్టీసు పెట్టుకున్నవాళ్లకు రిజిస్ట్రేషన్ మీద బెంగ. మన పేరు, డిగ్రీ, పనిచేసే చోటు, మెయిల్ చిరునామా అచ్చయిన పేపర్లలోనూ కాలేజీ వెబ్‌సైట్లలోనూ అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. వాటిని ఏరుకుని రాస్తారు కాబట్టి ఆ ఉత్తరం మనకోసమే రాసినట్టు ఉంటుంది. తెలివితక్కువవాళ్లే మోసపోతారని అనుకోకండి. నేను చూసినంతలో, చురుగ్గా పనిచేస్తూ ఊపిరి తీసుకునే తీరిక లేని కుర్ర డాక్టర్లే ఎక్కువగా చిక్కుకుంటున్నారు.

2. మునగచెట్టు ఎక్కించే ఆహ్వానాన్ని నమ్మకండి.

“మీ అమూల్యమైన పరిశోధన చదివి ముగ్ధులమయ్యాం. వారంలోగా మా జర్నల్‌కు ఒక పేపర్ పంపండి.” ఎముకల డాక్టర్‌కు చర్మవ్యాధుల జర్నల్ నుంచి ఇలాంటి పిలుపు వస్తుంది. పంపితే రెండు మూడు రోజుల్లో అంగీకరించామంటారు, వెంటనే డాలర్లలో బిల్లు పెడతారు. పీర్ రివ్యూ అంటే ఆ రంగం తెలిసినవాళ్లు కూర్చుని చదివి తప్పులు పట్టడం. అది అంత త్వరగా తెమిలే పని కాదు.

ఈ వ్యాపారంలో మన హైదరాబాద్ పేరు ప్రపంచమంతా వినిపించడం నన్ను చాలా బాధపెట్టింది. ఇక్కడి నుంచి నడిచిన ఒమిక్స్ గ్రూప్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ జరగకుండానే జరిగిందని చెప్పుకోవడం, పేపర్ అంగీకరించేదాకా ఫీజు మాట దాచడం, నిపుణుల పేర్లను వాళ్ల అనుమతి లేకుండా వాడుకోవడం అందులోని ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ పక్షాన తీర్పు చెప్పి, 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది.

నష్టం ఫీజుతో ఆగదు. 2013లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు, ఒక రసాయనం క్యాన్సర్‌ను అణిచేస్తుందంటూ కావాలనే తప్పులతడకగా రాసిన నకిలీ పేపర్‌ను 304 జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు అంగీకరించాయి. సైన్స్ పత్రిక ఆ సంగతంతా ప్రచురించింది. అలాంటి రాతలను నమ్మి రేపు ఎవరో ఒక డాక్టర్ మందు రాస్తే, ఆ ఫలితం అనుభవించేది రోగి. నాకు అన్నిటికంటే పెద్ద దిగులు అదే.

3. మెయిల్‌లోని లింకు ద్వారా కాకుండా మీ దారిన మీరు వెళ్లి చూడండి.

జ్వరమని రోగి చెప్పినా థర్మామీటర్ పెట్టి చూస్తాం కదా, ఇక్కడా అంతే. వైద్య జర్నళ్ల సూచిక మెడ్‌లైన్‌లో ఉన్నామని జర్నల్ చెప్పుకుంటే అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ క్యాటలాగ్‌లో వెతకండి. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ డీఓఏజేలో ఉన్నామంటే ఆ సైట్‌లో వెతకండి. రెండూ ఉచితమే. పబ్‌మెడ్‌లో ఒక పేపర్ కనబడినంత మాత్రాన ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ప్రమోషన్‌కు ఏ ఇండెక్సులు లెక్కకొస్తాయో జాతీయ వైద్య కమిషన్ నిబంధనల్లోనే ఉంటుంది. ముందు అది చదవండి. అసలు జర్నల్ పేరుతోనే నకిలీ సైట్లు కూడా ఉన్నాయి, చిరునామాలో ఒక్కొక్క అక్షరం చూసుకోండి.

4. అడగకుండా వచ్చిన పదవి పదవి కాదు.

ఎడిటోరియల్ బోర్డు సభ్యత్వం, విదేశీ సదస్సులో ముఖ్య ప్రసంగం, ఏదో అవార్డు. చివరికి అన్నీ రిజిస్ట్రేషన్ ఫీజు దగ్గరికే వస్తాయి. పోలెండ్ పరిశోధకులు లేని మనిషి పేరుతో, పనికిరాని అర్హతలతో 360 జర్నళ్లకు ఎడిటర్‌గా దరఖాస్తు పెడితే 48 జర్నళ్లు తీసుకున్నాయి. 2017లో నేచర్ ఆ వివరాలు ప్రచురించింది. సదస్సుకు వెళ్లాలనుకుంటే, వక్తల జాబితాలో మీకు తెలిసినవారికి ఒక్క ఫోన్ చేయండి. తమ పేరు అక్కడ ఉందని వాళ్లకే తెలియకపోవచ్చు.

5. భయపెట్టే మెయిల్‌కు అందులోని నంబరుకే ఫోన్ చేయకండి.

“మీ మీద ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో స్పందించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు” అని చదవగానే ఎవరికైనా చెమటలు పడతాయి. నిదానించండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మెడికల్ కౌన్సిళ్ల ఫోన్ నంబర్లు వాటి సొంత వెబ్‌సైట్లలో ఉంటాయి. అక్కడ చూసి మీరే అడగండి. అమెరికాలో ఉన్న మన డాక్టర్లకైతే అక్కడి మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ అధికారులమంటూ ఫోన్లు కూడా వస్తుంటాయి. తమవాళ్లు ఫోన్ చేసి డబ్బు అడగరని ఆ సంస్థే హెచ్చరించింది.

6. ‘పేషెంట్ రిపోర్ట్’ అని వచ్చిన ప్రతి ఫైలూ తెరవకండి.

పంపిందెవరో తెలియకపోతే ఆపండి. హెచ్‌ఓడీ పేరుతో కొత్త మెయిల్ నుంచి “మీటింగ్‌లో ఉన్నాను, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొను” అని వస్తే, వెళ్లి ఆయన్నే అడగండి. ఆసుపత్రి కంప్యూటర్లు స్తంభిస్తే ఏమవుతుందో 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ చూసింది. సైబర్ దాడితో సర్వర్లు ఆగిపోయి, రోజుల తరబడి పని చేత్తో నడిపారు.

7. డబ్బు పోతే దాచకండి.

పరువు పోతుందని డాక్టర్లు నోరు విప్పరు. మోసగాళ్లకు కావలసింది అదే. వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకుకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

నా తోటి ప్రొఫెసర్లకు ఒక విన్నపం. మీ పీజీ విద్యార్థులకు జర్నల్ నుంచి పిలుపు వస్తే, దాన్ని ముందుగా మీకు చూపించే చనువు ఇవ్వండి. కాసేపు వాళ్ల పక్కన కూర్చుని ఆ జర్నల్ సంగతేమిటో కలిసి వెతకండి.